పక్షులు, పిడుదులు, సలీం అలీ

పశువులున్న ఇంట్లో పెరిగినవారికి పిడుదును పరిచయం చెయ్యనక్కరలేదు. కొన్ని ప్రాంతాల్లో దీన్ని గోమారి అంటారు. గేదె చెవి లోపల, ఆవు గంగడోలు మడతల్లో, పొదుగు పక్కన, కుక్క మెడ మీద ఇది పట్టుకొని ఉంటుంది. మొదట ఆవగింజంత ఉండి, రక్తం తాగేకొద్దీ ఆముదపు గింజంత ఉబ్బుతుంది. లాగితే ఒక పట్టాన ఊడిరాదు. పిడుదులు ఎక్కువైతే పశువు చిక్కిపోతుందనీ, పాలు తగ్గుతాయనీ ప్రతి రైతుకూ తెలుసు. అయితే మన దేశంలో పక్షుల వలసను పెద్ద ఎత్తున పరిశోధించడానికి ఈ పిడుదే కారణమైందని చాలామందికి తెలియదు. ఆ పరిశోధనను నడిపించిన వ్యక్తి సలీం అలీ. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని తెలుసుకుందాం. మధ్యలో ఒక అడవి జ్వరం గురించీ, దాన్ని మోసే పిడుదు గురించీ కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంటుంది. అది తెలియకపోతే ఆయన జీవితంలోని ముఖ్యమైన ఘట్టం అర్థం కాదు.

పసుపు మెడ పిచ్చుక

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. ఆయన పూర్తి పేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. ఇంట్లో అందరికంటే చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి పోయారు. మూడేళ్లు వచ్చేసరికి తల్లి కూడా పోయింది. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తల్లిదండ్రులు లేని ఆ పిల్లలను తమ ఇంటికి తెచ్చుకొని పెంచారు. వారికి సొంత పిల్లలు లేరు.

ఆ రోజుల్లో ఉన్నవారి ఇళ్లల్లో వేట ఒక సరదా. సలీంకు కూడా చిన్న గాలి తుపాకీ ఒకటి ఇచ్చారు. పదేళ్లు దాటీ దాటని వయసులో దానితో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకొని చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇంటి చూరులో కనిపించే పిచ్చుకలకు అలాంటి మచ్చ ఉండదు. అది ఏ పిట్టో తెలియక మేనమామకు చూపించాడు. ఆయనకూ తెలియలేదు. కాని ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు. ఈ సంఘం 1883లో ఏర్పడింది. జంతువులు, పక్షులు, మొక్కల గురించి ఆసక్తి ఉన్నవారు దీన్ని స్థాపించారు. సంఘం కార్యదర్శి మిల్లార్డ్ అనే ఇంగ్లీషు దొర. మేనమామ ఆయన పేర ఉత్తరం రాసి పిల్లవాడిని పంపించాడు.

దొర దగ్గరికి వెళ్లడమంటే ఆ కాలపు పిల్లలకు భయం. మిల్లార్డ్ మాత్రం ఆ పిట్టను చూసి, అది పసుపు మెడ పిచ్చుక అని చెప్పి, సొరుగులు తెరిచి సంఘం సేకరించిన వందల పక్షుల నమూనాలను ఒక్కొక్కటే చూపించాడు. చదవడానికి పుస్తకాలు ఇచ్చాడు. నమూనాలు ఎలా భద్రపరచాలో నేర్పించే ఏర్పాటు చేశాడు. ఇలా ఒక బాలుడికి పక్షుల మీద ఆసక్తి పుట్టింది. ఎనభై ఏళ్ల తరువాత తన ఆత్మకథకు పేరు పెట్టేటప్పుడు కూడా ఆయన ఈ పిచ్చుకనే తలుచుకున్నారు.

పట్టా లేని శాస్త్రవేత్త

చదువు సాఫీగా సాగలేదు. తలనొప్పుల వల్ల బడి మధ్యలో ఆగింది. 1913లో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. కాలేజీలో చేరి, లెక్కలు మింగుడు పడక మానేశారు. 1914లో బర్మాలోని టవాయ్ ప్రాంతానికి వెళ్లి కుటుంబం వారి గనుల పనీ, కలప వ్యాపారమూ చూశారు. వ్యాపారం కన్నా చుట్టూ ఉన్న అడవులే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. 1917లో తిరిగి వచ్చి వాణిజ్య చదువులో చేరారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలోని ఫాదర్ బ్లాటర్ ఆయన మనసు గ్రహించి జంతుశాస్త్రం చదవమని ప్రోత్సహించారు. ఉదయం లెక్కల పుస్తకాలు, తరువాత జంతుశాస్త్రం. 1918లో తెహ్మీనాతో పెళ్లయింది.

ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం రాకపోవడానికి ఇదే కారణం. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉద్యోగం దొరికింది. నెలకు 350 రూపాయల జీతం. ఆ రోజుల్లో అది మంచి జీతమే. రెండేళ్లకు సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో స్ట్రెస్‌మన్ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. హెలిగోలాండ్ అనే దీవిలో పక్షుల పరిశీలన కేంద్రం ఉంది. పక్షులను పట్టి, కాలికి తేలికైన ఉంగరం తొడిగి వదిలిపెట్టే పద్ధతిని అక్కడ చూశారు. ఈ ఉంగరం సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో చాలా పని ఉంది.

1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో డబ్బు లేదని ఆయన ఉద్యోగాన్ని రద్దు చేశారు. భార్యాభర్తలు బొంబాయికి ఎదురుగా సముద్రపు ఒడ్డున ఉన్న కిహిం అనే పల్లెకు మకాం మార్చారు. ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. చేతిలో ఉద్యోగం లేదు కాబట్టి కావలసినంత సమయం ఉంది. నెలల తరబడి వాటిని గమనించారు. మగ గిజిగాడు గూడును సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి చూసి నచ్చితేనే అందులో చేరుతుంది. అప్పుడు మగపక్షి గూడు పూర్తిచేసి, మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపక్షి కోసం చూస్తుంది. ఈ పరిశీలన 1931లో అచ్చయింది. చచ్చిన పక్షి చర్మాన్ని కొలిచి పేరు పెట్టడమే పక్షిశాస్త్రం అనుకునే కాలంలో, బతికి ఉన్న పక్షి ఏం చేస్తుందో చూడడం కొత్త సంగతి.

ఆ తరువాత ఆయన సంస్థానాలకు ఒక ప్రతిపాదన పెట్టారు. తనకు జీతం అక్కరలేదు, ప్రయాణం ఖర్చులూ, మకాం ఖర్చులూ భరిస్తే మీ సంస్థానంలోని పక్షులన్నిటినీ సర్వే చేసిపెడతాను అన్నది దాని సారాంశం. దీనికి ఒప్పుకొన్న వాటిలో మొదటిది హైదరాబాదు సంస్థానం. 1931-32లో సలీం అలీ, తెహ్మీనా కలిసి ఎడ్లబండ్ల మీదా, కాలినడకనా సంస్థానమంతా తిరిగారు. నల్లమల కొండల్లోని మన్ననూరు, ఫరహాబాదు ప్రాంతాల్లో కూడా మకాం వేశారు. ఈ రోజు ఆ అడవి పక్షుల గురించి ఎవరు రాసినా ఆ సర్వేతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది. తరువాత కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియరు, ఇండోరు, భోపాలు సంస్థానాల్లోనూ సర్వేలు చేశారు.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తరువాత రక్తం విషమించి తెహ్మీనా చనిపోయింది. అడవుల్లో ఆయనకు తోడుగా తిరిగి, డేరాల్లో సంసారం చేసిన మనిషి. పిల్లలు లేరు. సలీం అలీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మిగిలిన జీవితమంతా చెల్లెలి వరస అయిన బంధువుల నీడలో కాక, తోడబుట్టిన అక్క ఇంట్లోనే గడిపారు. 1941లో ఆయన రాసిన భారతదేశపు పక్షుల పుస్తకం వచ్చింది. రంగుల బొమ్మలతో, మామూలు చదువరికి అర్థమయ్యే భాషలో ఉన్న ఆ పుస్తకం ఈనాటికీ ముద్రణలు పొందుతోంది.

కోతులు చచ్చిన అడవి

ఇప్పుడు మనం అప్పటి మైసూరు రాష్ట్రంలోని షిమోగా జిల్లాకు వెళ్లాలి. ఈ రోజు అది కర్ణాటకలో ఉంది. సొరబ తాలూకాలో క్యసనూరు అనే అడవి ఉంది. 1957 మొదటి నెలల్లో ఆ అడవిలో కోతులూ, కొండముచ్చులూ పెద్ద సంఖ్యలో చచ్చిపడ్డాయి. అదే సమయంలో చుట్టుపక్కల పల్లెల్లో కట్టెలకూ, ఆకులకూ, పశువులను మేపడానికీ అడవికి వెళ్లినవారికి తీవ్రమైన జ్వరం వచ్చింది. ఉన్నట్టుండి చలితో జ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్లంతా నొప్పులు, వాంతులు. కొందరికి ముక్కు నుంచీ, చిగుళ్ల నుంచీ రక్తం కారింది. కొందరు చనిపోయారు.

కోతులు చావడం, మనుషులకు జ్వరం రావడం కలిసి కనిపించగానే పుణేలోని వైరస్ పరిశోధన కేంద్రం వారికి ఒక భయం పట్టుకుంది. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉండే ఎల్లో ఫీవర్ మన దేశంలోకి వచ్చిందేమో అన్నది ఆ భయం. అది దోమల వల్ల వ్యాపించే వ్యాధి. మన దేశంలో ఆ దోమలు కావలసినన్ని ఉన్నాయి. వ్యాధి మాత్రం ఎన్నడూ లేదు. వస్తే ఆపడం కష్టం. పరిశోధకులు వెంటనే క్యసనూరుకు వెళ్లారు. చచ్చిన కోతుల నుంచీ, రోగుల రక్తం నుంచీ వైరస్‌ను వేరుచేశారు. అది ఎల్లో ఫీవర్ కాదని తేలింది. అంతవరకు లోకానికి తెలియని కొత్త వైరస్ అది. అడవి పేరునే దానికి పెట్టారు. స్థానికులు దీన్ని కన్నడంలో కోతి జబ్బు అనే అర్థం వచ్చేలా మంగన కాయిలె అంటారు.

దీన్ని మోసేది దోమ కాదు, పిడుదు. అడవి నేల మీద రాలిన ఆకుల్లో ఉండే హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే రకం పిడుదు ఇందులో ముఖ్యమైనది. మన పశువుల కొట్టంలో కనిపించే పిడుదుకు ఇది దాయాది.

పిడుదు ఎలా బతుకుతుంది

పిడుదు పురుగు కాదు. సాలీడుకూ, తేలుకూ చుట్టం. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లు ఉంటాయి. అది ఒకసారి రక్తం తాగి, కుబుసం విడిచి, ఎనిమిది కాళ్ల నడిమి దశకు వస్తుంది. ఈ దశలో మరొకసారి రక్తం తాగి పెద్దదవుతుంది. పెద్ద ఆడ పిడుదు మూడోసారి కడుపునిండా తాగి, నేల మీద రాలి, వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. క్యసనూరు పిడుదు ప్రతి దశలోనూ వేరు జంతువును పట్టుకుంటుంది. పిల్ల దశలో ఎలుకల వంటి చిన్న జంతువులను, నేల మీద మేసే పక్షులను పడుతుంది. నడిమి దశలో కోతులను, మనుషులను కూడా పడుతుంది. పెద్దదయ్యాక ఆవులు, గేదెల వంటి పెద్ద జంతువులను పట్టుకుంటుంది.

ఈ లెక్కను వానాకాలంతో కలిపి చూడండి. పెద్ద పిడుదులు తొలకరికి బయటపడతాయి. వానలు తగ్గాక పిల్లలు కనిపిస్తాయి. డిసెంబరు నుంచి మే వరకు నడిమి దశ పిడుదులు ఎక్కువగా ఉంటాయి. ఇవి నువ్వుగింజ కన్నా చిన్నవి, పాకినా తెలియదు. కట్టెలకూ ఎండుటాకులకూ మనుషులు అడవికి వెళ్లే కాలం కూడా అదే. అందుకే జ్వరం చలికాలంలో మొదలై ఎండలు ముదిరాక తగ్గుతుంది.

కోతికి వైరస్ సోకితే దాని రక్తంలో విపరీతంగా పెరుగుతుంది. ఆ కోతి చచ్చి పడ్డప్పుడు దాని ఒంటి మీది పిడుదులు ఒకేచోట నేల మీదికి దిగుతాయి. ఆ చోటు ప్రమాదకరమవుతుంది. అటుగా వెళ్లిన మనిషిని అవి పట్టుకుంటాయి. మనిషి నుంచి మనిషికి మాత్రం ఈ జబ్బు అంటదు. పశువులు దీనివల్ల జబ్బు పడవు. కాని పెద్ద పిడుదులకు అవే తిండి కాబట్టి, అడవిలో మేతకు తోలిన మంద పిడుదుల సంఖ్యను పెంచుతుంది. పల్లె, మంద, అడవి ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోటనే ఈ జ్వరం ఎక్కువగా వస్తుంది.

మన కొట్టాల్లోని పిడుదులు మోసే జబ్బులు వేరు. సంకరజాతి ఆవులను దెబ్బతీసే థైలీరియా జ్వరాన్ని హయలోమా జాతి పిడుదు మోస్తుంది. మూత్రం కాఫీ రంగులో వచ్చే బెబీసియా జ్వరం మామూలు పశువుల పిడుదు వల్ల వస్తుంది. కుక్క పిడుదు మనుషులకు ఒక రకం టైఫస్ జ్వరాన్ని అంటించగలదు. ఒంటికి పిడుదు పట్టినప్పుడు బీడీతో కాల్చడం, కిరసనాయిలు పొయ్యడం, గోళ్ల మధ్య నలపడం మంచిది కాదు. సన్నని చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగి, ఆ చోటునూ చేతులనూ సబ్బుతో కడుక్కోవాలి. ఆ తరువాత రెండు వారాల లోపల జ్వరం వస్తే డాక్టరుకు పిడుదు సంగతి తప్పక చెప్పాలి.

అనుమానం పక్షుల మీదికి

వైరస్ దొరికింది. దాన్ని మోసేది దొరికింది. ఇక మిగిలిన ప్రశ్న, ఇది ఎక్కడి నుంచి వచ్చింది అన్నది. పరీక్షల్లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. రష్యాలో వసంతం నుంచి వేసవి వరకు వచ్చే ఒక మెదడువాపు జ్వరం ఉంది. దాన్ని కూడా పిడుదులే మోస్తాయి. క్యసనూరు వైరస్ ఆ రష్యా వైరస్‌కు దగ్గరి బంధువు. సైబీరియాకూ షిమోగాకూ మధ్య వేల కిలోమీటర్ల దూరం, హిమాలయాలు అడ్డం. పిడుదు తనంతట తాను పది గజాలు కూడా నడవదు. మరి ఎలా వచ్చింది?

ప్రతి శీతాకాలంలోనూ సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి లక్షల పక్షులు మన దేశానికి వలస వస్తాయి. వాటి ఈకల్లో పిడుదు పిల్లలు ఉండి, వాటిలో వైరస్ ఉంటే? అనుమానం సమంజసమైనదే. కాని దాన్ని తేల్చాలంటే ఏ పక్షి ఎక్కడి నుంచి వస్తుంది, ఏ దారిన వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు తిరిగి వెళుతుంది అన్నది ముందు తెలియాలి. మన దేశంలో అప్పటికి ఇది చాలా తక్కువగా తెలుసు. చెప్పగలిగినవారు ఎవరంటే అందరి వేళ్లూ సలీం అలీ వైపే చూపించాయి.

ఆయనకు అప్పటికి అరవై దాటాయి. పక్షులకు ఉంగరాలు వేసే పని పెద్ద ఎత్తున చెయ్యాలన్నది జర్మనీ నుంచి వచ్చిన నాటి కోరిక. డబ్బు లేక ఆగింది. పిట్టలు ఎక్కడికి పోతాయో తెలుసుకోవడానికి ఎవరు డబ్బు ఇస్తారు? జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికైతే ఇస్తారు. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బొంబాయి సంఘం వలస పక్షుల అధ్యయనం మొదలుపెట్టింది.

కచ్ ప్రాంతంలోనూ, భరత్‌పూర్ చిత్తడి నేలల్లోనూ, తమిళనాడు తీరంలోని కోడియక్కరై వంటి చోట్లా శిబిరాలు వేశారు. పక్షులను పట్టడానికి కంటికి కనిపించనంత సన్నని నైలాను వలలు తెప్పించారు. వాటితోపాటు బీహారు నుంచి మీర్‌షికార్లను పిలిపించారు. వీరు తరతరాలుగా పక్షులను పట్టి అమ్మి బతికినవారు. ఏ పక్షిని ఏ వేళ, ఏ ఉపాయంతో, ఈక చెదరకుండా పట్టాలో వీరికి తెలిసినట్టు ఏ శాస్త్రవేత్తకూ తెలియదు. బడి ముఖం చూడనివారి విద్య ఆ శిబిరాల్లో ప్రయోగశాలకు సమానంగా నిలిచింది. ఈ మాట ఎందుకో చాలామంది చరిత్ర రాసేటప్పుడు వదిలేస్తారు.

పని తెల్లవారకముందే మొదలయ్యేది. వలలో పడ్డ పక్షిని మెల్లగా విడిపించి, గుడ్డ సంచిలో వేసి తెచ్చేవారు. తూకం వేసి, రెక్క కొలిచి, ఈకలు ఊది చూసి, పిడుదులు కనిపిస్తే చిమటాతో తీసి చిన్న గాజు గొట్టంలో వేసేవారు. రక్తం నమూనా తీసేవారు. తరువాత కాలికి అల్యూమినియం ఉంగరం తొడిగి వదిలేవారు. ఉంగరం మీద ఒక సంఖ్యా, దొరికితే బొంబాయి సంఘానికి తెలియజేయమన్న సూచనా ఉండేవి. పిడుదులూ, రక్తమూ పరీక్షకు వెళ్లేవి. పక్షి తన దారిన పోయేది. వేల పక్షుల్లో ఏ ఒకటో రెండో ఎక్కడో వేటగాడికి దొరికి, ఉంగరం సంగతి ఉత్తరంలో తిరిగి వచ్చేది. భరత్‌పూర్‌లో ఉంగరం తొడిగిన బాతులు సైబీరియాలో దొరికాయి. అంతవరకు ఊహగా ఉన్న వలస దారులు పటం మీద గీతలయ్యాయి.

ఇంతకూ జ్వరం సంగతి ఏమైంది? వలస పక్షులే ఆ వైరస్‌ను సైబీరియా నుంచి తెచ్చాయనడానికి ఆధారం దొరకలేదు. పక్షుల మీద పిడుదులు ఉన్నమాట నిజమే. అడవికోళ్ల వంటి నేల పక్షులు పిడుదు పిల్లలకు తిండి అవుతున్నమాటా నిజమే. కాని అవి స్థానికంగా తిరిగేవి. చాలా కాలం తరువాత, 1990లలో, సౌదీ అరేబియాలో క్యసనూరు వైరస్‌కు ఇంకా దగ్గరి చుట్టం ఒకటి బయటపడింది. ఈ వైరస్‌ల చరిత్ర మొదట అనుకున్నదానికన్నా పాతది, చిక్కైనది. క్యసనూరు అడవిలో ఈ వైరస్ చాలా కాలంగా ఉండి, మనుషులు అడవిలోకి చొచ్చుకుపోయినప్పుడు బయటపడిందని భావించేవారు ఎక్కువ. అంటే ఆరోగ్య సంస్థ అడిగిన ప్రశ్నకు పక్షుల నుంచి అవుననే జవాబు రాలేదు. కాని అడగని ప్రశ్నలకు బోలెడు జవాబులు వచ్చాయి.

అపనింద

ఆరోగ్య సంస్థ సాయం తరువాత ఈ పనికి మరొక చోటి నుంచి డబ్బు వచ్చింది. ఆసియా దేశాల్లో వలస జంతువులు మోసే రోగాలను సర్వే చేసే పథకం ఒకటి బ్యాంకాక్ కేంద్రంగా నడిచింది. దానికి డబ్బు ఇచ్చినది అమెరికా సైన్యపు పరిశోధన విభాగం. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. 1974లో పత్రికల్లో దుమారం రేగింది. పక్షుల ద్వారా శత్రుదేశాల్లోకి రోగాలు పంపవచ్చా అని అమెరికా సైన్యం తెలుసుకోవాలనుకుంటోందనీ, బొంబాయి సంఘం దానికి తోడ్పడిందనీ ఆరోపణ వచ్చింది. ఢిల్లీలో విదేశీ సాయంతో జరుగుతున్న దోమల పరిశోధన మీద కూడా అప్పుడే ఇలాంటి ఆరోపణలు వచ్చాయి. పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ ఈ పథకాలన్నిటినీ పరిశీలించి, 1975లో తీవ్రమైన విమర్శలతో నివేదిక ఇచ్చింది.

అప్పటికి సలీం అలీకి డెబ్బై ఎనిమిదేళ్లు. పిట్టల కోసం జీవితం ధారపోసిన మనిషి మీద దేశద్రోహం నీడ పడింది. ఆయన దీన్ని గట్టిగా ఖండించారు. తమ పనిలో రహస్యం లేదనీ, ఫలితాలన్నీ అచ్చులో ఉన్నాయనీ ఆయన వాదన. ఆయన నిజాయితీని శంకించడానికి కారణం కనిపించదు. అయినా, డబ్బు ఎవరిదో, ఎందుకు ఇస్తున్నారో అడగడం పార్లమెంటు పని. ఆ ప్రశ్న తప్పు కాదు. రెండూ నిజమే కావచ్చు. ఈ గొడవ జరిగిన కొద్ది కాలానికే, 1976లో, భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. పద్మభూషణ్ 1958లోనే వచ్చింది.

చివరి సంవత్సరాలు

1968 నుంచి 1974 వరకు సలీం అలీ, అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీ కలిసి భారత ఉపఖండపు పక్షుల మీద పది సంపుటాల గ్రంథం వెలువరించారు. భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక పక్షులన్నీ అందులో ఉన్నాయి. 1976లో అంతర్జాతీయంగా పెద్దదైన గెట్టీ బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో సంఘంలో పరిశోధనకు నిధి ఏర్పడింది. భరత్‌పూర్ చిత్తడి నేలలు, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి మిగిలి ఉండడానికి జరిగిన కృషిలో ఆయన మాటకు బరువు ఉంది. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆయనకు మోటారు సైకిళ్ల పిచ్చి ఉండేదన్న సంగతి కూడా చెప్పాలి. 1950లో స్వీడన్‌లో పక్షి శాస్త్రవేత్తల సభకు వెళ్లినప్పుడు తన సన్‌బీమ్ బండిని ఓడలో వెంట తీసుకుపోయి యూరప్ రోడ్ల మీద నడిపారు.

ఇక షిమోగా జ్వరం షిమోగాలోనే ఆగలేదు. 1982-83లో దక్షిణ కన్నడ జిల్లాలో అడవి నరికిన ఒక ప్రాంతంలో వెయ్యికి పైగా మనుషులకు సోకింది. 2012 తరువాత కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లోని పడమటి కనుమల్లో కూడా కనిపించింది. జబ్బు పడినవారిలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు చనిపోతారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. సకాలంలో ఆసుపత్రిలో చేర్చి, ఒంట్లో నీరు తగ్గకుండా, రక్తస్రావం ముదరకుండా చూడడమే వైద్యం. 1990 నుంచి కర్ణాటకలో టీకా వేశారు. అది సరిగా పనిచెయ్యడం లేదని తేలి 2022లో ఆపేశారు. అడవికి వెళ్లేవారు చేతులకూ కాళ్లకూ పిడుదులను తరిమే నూనె రాసుకోవడం, ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోవడం, చచ్చిన కోతి కనిపిస్తే ముట్టుకోకుండా ఆరోగ్య సిబ్బందికి చెప్పడం ఇప్పటికీ ముఖ్యమైన జాగ్రత్తలు.

తెలుగునాడుకు సంబంధించిన ఒక సంఘటన సలీం అలీ చివరి రోజుల్లో జరిగింది. కలివికోడి అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె పొదల్లో బొంబాయి సంఘం పరిశోధకుడికి అది దొరికింది. దాన్ని పట్టి చూపించినవాడు అక్కడి ఒక పిట్టల వేటగాడు. రాత్రిపూట తిరిగే ఆ పక్షి జాడ స్థానికులకు తెలుసు. ఆ పొదలను కాపాడడానికి తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

1987 జూన్ 20న, తొంభై ఏళ్ల వయసులో, సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు. కొంత కాలంగా ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేర పక్షుల పరిశోధన కేంద్రం ఏర్పడింది. కోడియక్కరై ఉప్పునేలల్లో బొంబాయి సంఘం వారు ఆయన తరువాత కూడా వలలు కట్టి, వలస వచ్చిన ఉల్లంకి పిట్టల కాళ్లకు ఉంగరాలు తొడుగుతూ వచ్చారు.